ఫార్మాట్ కొట్టేవాళ్ళకి ఒక దణ్ణం

మన తెలుగు సాఫ్ట్‌వేర్ జనాభాకి ఒక జబ్బుంది. బంధువుల్లో ఎవరైనా ఫోన్ చేసి కంప్యూటర్లో ఏదో తేడాగా ఉందని చెప్పడం మొదలుపెడితే, అవతలివాడి వాక్యం పూర్తవకముందే మన నోట్లోంచి "ఫార్మాట్ కొట్టెయ్" అని వచ్చేస్తుంది. జలుబుకీ అదే మందు, కాలు విరిగినా అదే మందు. విండోస్ ఎక్స్‌పీ రోజుల్లో వైరస్సులతో పడలేక అలవాటైన మాట ఇది. అప్పట్లో దానికి కొంత అర్థం ఉండేది. ఇప్పుడు ఆ మాటనే తీసుకొచ్చి లినక్సు మీద కూడా ప్రయోగిస్తున్నారు. నా గొడవ దాని గురించి.

ముందు సందర్భం చెప్తాను. 2025 అక్టోబరు 14న మైక్రోసాఫ్టు విండోస్ 10కి మామూలు సపోర్టు ఆపేసింది. విండోస్ 11 వేసుకుందామంటే టీపీఎం 2.0 ఉండాలి, ప్రాసెసరు వాళ్ళ జాబితాలో ఉండాలి. ఇంటెల్ వాటిలో ఆ జాబితా దాదాపుగా 8వ తరంతో మొదలవుతుంది. అంటే 2012-2016 మధ్యలో మన ఇళ్ళలో కొన్న లాప్‌టాపుల్లో చాలావరకు బయటే ఉండిపోయాయి. దాంతో మనవాళ్ళు పండక్కి ఊరెళ్ళేటప్పుడు జేబులో ఒక పెన్‌డ్రైవ్ వేసుకెళ్ళి, బాబాయి లాప్‌టాపుకొకటి, ఎదురింటి అమ్మాయి లాప్‌టాపుకొకటి ఏదో ఒక తేలికపాటి లినక్సు ఎక్కించి రావడం మొదలుపెట్టారు. చాలా మంచి పని. పాడైపోయిందనుకున్న సరుకు మళ్ళీ పనికొచ్చింది. సదరు ఇంజినీరుగారు వాట్సాప్ గ్రూపులో ఫోటో కూడా పెట్టుకున్నాడు. పాత డబ్బాకి ప్రాణం పోశాను అని. అందరూ దణ్ణం బొమ్మలు పెట్టారు.

ఇక్కడిదాకా బాగానే ఉంది. మూడు నెలల తర్వాత ఆ కంప్యూటర్లో ఏదో ఒకటి తేడా చేస్తుంది. ఏ కంప్యూటరైనా చేస్తుంది. అప్పుడు వాళ్ళు ఫోన్ చేస్తే మన హీరోగారి జవాబు: "ఫార్మాట్ కొట్టెయ్, మళ్ళీ పండక్కి వచ్చినప్పుడు వేసిస్తా."

మా పిన్ని కొడుకు సంగతి చెప్తాను. రాజమండ్రిలో డిగ్రీ చదువుతున్నాడు, బ్యాంకు పరీక్షలకి తయారవుతున్నాడు. 4 జీబీ ర్యామ్ ఉన్న పాత లాప్‌టాపు. వాళ్ళ వీధిలోనే ఉండే ఒక సాఫ్ట్‌వేరాయన ఎక్స్‌ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్ ఉన్న లినక్సు వేసిచ్చి హైదరాబాదు వెళ్ళిపోయాడు. ఒకరోజు మావాడు ఫోన్ చేశాడు.

"అన్నయ్యా, విండోలకి పైనుండే పట్టీ పోయింది. మూద్దామంటే ఇంటూ గుర్తు లేదు. అన్నీ ఎడమచేతి మూలకొచ్చి అతుక్కుపోతున్నాయి. మౌస్ నొక్కుతుంటే పనిచేస్తోంది గానీ టైప్ చేస్తే అక్షరం పడట్లేదు."

"ఎన్నిసార్లు రీస్టార్ట్ చేశావురా?"

"పదిసార్లు చేసుంటా. ఆ అన్ననడిగితే ఫార్మాట్ అన్నాడు. కాలేజీలో మా సీనియర్నడిగితే ఫార్మాట్ అన్నాడు. మా ఫ్రెండు వాళ్ళన్నయ్య బెంగళూరులో చేస్తాడు, ఆయనైతే ఈ డిస్ట్రో మంచిది కాదు, వేరేది వేస్కో అన్నాడు."

ముగ్గురు ఇంజినీర్లు. ముగ్గురికీ ఉద్యోగంలో రోజూ చూసేది లాగులే. ఒక్కడు కూడా "నువ్వు ఈ మధ్య ఏం మార్చావు?" అని అడగలేదు. అడిగుంటే అక్కడే దొరికిపోయేది. మావాడు ఏదో వీడియో చూసి ఓపెన్‌బాక్స్ అనేది ఎక్కించి, అసలు దాని స్థానంలో దాన్ని నడిపించాడు. ఇంకా వేగంగా ఉంటుందని ఆ వీడియోలో చెప్పారట. రెండ్రోజులు వాడి, నచ్చక, తీసేశాడు. కథ అంతే.

తేలికపాటి డెస్క్‌టాప్ అంటే ఏంటో ఒక్కసారి చూడండి. పెళ్ళిభోజనాల దగ్గర వండేవాళ్ళు వేరు, ఆకులేసేవాళ్ళు వేరు, వడ్డించేవాళ్ళు వేరు, తాంబూలాలిచ్చేవాళ్ళు వేరు. ఎక్స్‌ఎఫ్‌సీఈ కూడా అంతే. కింద ప్యానెల్ ఒక ప్రోగ్రాము. వెనకాల బొమ్మా, దానిమీది ఐకాన్లూ చూపించేది ఇంకో ప్రోగ్రాము. ఫైళ్ళు చూపించే థునార్ మరొకటి. విండోలకి పైన పట్టీ వేసి, అటూ ఇటూ జరిపి, ఏ విండోలో టైపింగ్ పడాలో నిర్ణయించే విండో మేనేజర్ ఇంకొకటి, దాని పేరు ఎక్స్‌ఎఫ్‌డబ్ల్యుఎం4. వీళ్ళందరినీ పొద్దున్నే లేపి పనిలో పెట్టే మేస్త్రీ సెషన్ మేనేజర్. మావాడి కంప్యూటర్లో పట్టీ లేదు, జరపడం లేదు, టైపింగ్ లేదు. మిగతావన్నీ ఉన్నాయి. అంటే వంటయింది, ఆకులేశారు, వడ్డించేవాడు రాలేదు. ఆ మాత్రం దానికి పెళ్ళి రద్దు చేసి, పందిరి పీకి, కొత్త ముహూర్తం పెట్టమంటారా బాబూ?

మరి పదిసార్లు రీస్టార్ట్ చేసినా ఎందుకు బాగవలేదు? ఇక్కడే అసలు తమాషా. లాగౌట్ అయ్యేటప్పుడు ఎక్స్‌ఎఫ్‌సీఈ ఒక పెట్టె చూపిస్తుంది. అందులో కింద, ఈ సెషన్‌ని వచ్చేసారికి దాచిపెట్టు అని ఒక టిక్కు ఉంటుంది. ఆ టిక్కు ఉంటే, ఆ క్షణంలో ఏవేం నడుస్తున్నాయో మేస్త్రీ ఒక చీటీ రాసుకుంటాడు. మర్నాడు ఆ చీటీ చూసి వాళ్ళనే పిలుస్తాడు. మావాడి చీటీలో వడ్డించేవాడి పేరు ఓపెన్‌బాక్స్ అని ఉంది. ఓపెన్‌బాక్స్ ఏమో కంప్యూటర్లోనే లేదు. మేస్త్రీ పిలుస్తాడు, ఎవరూ పలకరు, ఆయన తన పని తాను చేసుకుపోతాడు. పాత వడ్డించేవాడు అక్కడే కుర్చీలో కూర్చుని ఉన్నా, చీటీలో పేరు లేదు కాబట్టి లేవడు. ఎన్నిసార్లు రీస్టార్ట్ చేస్తే అన్నిసార్లు ఆ చెడిపోయిన పరిస్థితినే పువ్వుల్లో పెట్టి మళ్ళీ తెచ్చిస్తుందన్నమాట.

ఫోనులోనే చేయించాను. ముందు లాగిన్ అవ్వకుండా, పాస్‌వర్డ్ అడిగే తెర దగ్గరే కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కమన్నాను. వాడి లాప్‌టాపులో దానికి ఎఫ్ఎన్ మీట కూడా కలపాల్సొచ్చింది, అది కనుక్కోడానికే ఐదు నిమిషాలు. నల్ల తెర వచ్చింది. పేరు కొట్టాడు. "అన్నయ్యా, పాస్‌వర్డ్ పడట్లేదు." "పడదురా, కనపడకుండానే కొట్టు." అక్కడ ముందుగా ఒక కొత్త యూజర్‌ని సృష్టింపజేశాను. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్7 కొట్టి పాత తెరకొచ్చి, ఆ కొత్త పేరుతో లాగిన్ అయితే అన్నీ భేషుగ్గా ఉన్నాయి. పట్టీలున్నాయి, టైపింగ్ ఉంది. అంటే ఆపరేటింగ్ సిస్టం శుభ్రంగా ఉంది, తేడా ఉన్నది మావాడి హోమ్ ఫోల్డర్లోనే అని తేలిపోయింది. మళ్ళీ లాగౌట్, మళ్ళీ నల్ల తెర, ఈసారి మావాడి పేరుతో. వాడి హోమ్‌లో చుక్కతో మొదలయ్యే క్యాష్ అనే ఫోల్డరుంది, దాంట్లో సెషన్స్ అని ఇంకో ఫోల్డరుంది, దాని పేరు మార్పించాను. చెరిపించలేదు. అనుమానం తీరేదాకా ఏదీ చెరపకూడదనేది నా పద్ధతి. తిరిగి లాగిన్ అయ్యాడు. చీటీ కనపడకపోయేసరికి మేస్త్రీ తన మామూలు జాబితా తీసి అందరినీ పిలిచాడు. పట్టీలు వచ్చేశాయి. ఆ సెషన్ దాచే టిక్కు తీయించాను. మొత్తం పాతిక నిమిషాలు, అందులో సగం "సి ఫర్ క్యాట్, ఏ ఫర్ యాపిల్" అని స్పెల్లింగులకే :)

ఇప్పుడు ఫార్మాట్ పక్షం వారి వాదన చూద్దాం. వాళ్ళు మరీ మూర్ఖులేం కాదు. "మాకు టైము లేదు గురూ, ఫార్మాట్ అయితే అరగంటలో తేలిపోతుంది, నువ్వు చెప్పే పరిశోధన ఎన్ని గంటలు పడుతుందో తెలీదు" అంటారు. పైకి సబబుగానే కనిపిస్తుంది. కానీ ఆ అరగంట లెక్క ఎవరిది? ఫైళ్ళు కాపీ చేసుకోవడానికి పక్కన ఇంకో డిస్కు కావాలి, అది మావాడి దగ్గర లేదు. ఇన్‌స్టాల్ అయ్యాక అప్‌డేట్లు దిగాలి, అవి మొబైల్ డేటా మీద దిగాలి. బ్రాడ్‌కామ్ వైఫై చిప్ ఉన్న లాప్‌టాపయితే దాని డ్రైవరు కోసం ఇంకో గంట. తర్వాత ప్రింటరు, తెలుగు టైపింగు, బ్రౌజర్లో దాచుకున్న పాస్‌వర్డులు. ఈ గంటలన్నీ మన ఖాతాలో పడవు, వాడి ఖాతాలో పడతాయి. అందుకే మనకి అరగంటలా కనిపిస్తుంది.

ఇంకో ముఖ్యమైన సంగతి. విండోస్‌లో అలవాటైన లెక్క లినక్సులో పనిచెయ్యదు. డెస్క్‌టాప్ సెట్టింగులు దాదాపుగా అన్నీ యూజర్ హోమ్ ఫోల్డర్లో, చుక్కతో మొదలయ్యే దాగుడు ఫోల్డర్లలో ఉంటాయి. మన బుద్ధిమంతులు హోమ్‌ని వేరే పార్టిషన్లో పెడతారు, ఫైళ్ళు భద్రంగా ఉంటాయని. మంచి అలవాటే. ఇప్పుడు ఆ పార్టిషన్ని ముట్టుకోకుండా సిస్టం మాత్రం మళ్ళీ ఎక్కించారనుకోండి. అదే యూజరు పేరుతో లాగిన్ అవ్వగానే ఆ పాత చీటీ అక్కడే ఉంటుంది. గంటన్నర కష్టపడి, కొత్త సిస్టం మీద, అదే పాత రోగం! దాంతో మనవాడు తల గోక్కుని ఈసారి హోమ్‌ని కూడా తుడిచేస్తాడు. బాగైపోతుంది. చూశావా ఫార్మాట్ మహిమ అంటాడు. ఏది బాగైందో చూడండి. సిస్టం ముందూ బాగానే ఉంది, తర్వాతా బాగానే ఉంది. ఒక చిన్న చీటీ పోవాల్సిన చోట కుర్రాడి నోట్సూ, హాల్ టికెట్ల స్కాన్లూ, ఫోటోలూ అన్నీ పోయాయి. ఎలుక మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకోవడం అని మన పెద్దలన్నది ఇలాంటిదాన్నే.

లినక్స్ అభిమానులు ఇది చదివి చంకలు గుద్దుకోనక్కర్లేదు. మీరూ తక్కువేం తిన్లేదు. మీరు ఫార్మాట్ అన్న మాట వాడరు, "ఆ డిస్ట్రో తీసి ఈ డిస్ట్రో వేస్కో" అంటారు. రెండింటికీ తేడా ఏంటి స్వామీ? వాడు అడిగింది పట్టీలు ఎందుకు పోయాయని. మీరు చెప్పింది మీకిష్టమైన డిస్ట్రో పేరు. పైగా కొందరి సలహాలు ఏ కాలానివో వాళ్ళకే తెలీదు. ఎల్ఎక్స్‌డీఈ కోసం లుబుంటు వేస్కోమని ఇప్పటికీ చెప్పేవాళ్ళున్నారు. లుబుంటు 2018లో 18.10తోనే ఎల్ఎక్స్‌డీఈని వదిలేసి ఎల్ఎక్స్‌క్యూటీకి మారిపోయింది. పాత 32 బిట్ కంప్యూటరుకి కొత్త డెబియన్ వేస్కోమంటారు. 2025లో వచ్చిన డెబియన్ 13కి ఆ పాత ఇంటెల్ 32 బిట్ ఇన్‌స్టాలరే లేదు. సలహా ఇచ్చేముందు ఒకసారి చూసుకోవచ్చు కదా.

ఇక ఆ "తేలిక" అనే మాట గురించి కూడా కాస్త మాట్లాడుకోవాలి. ఎక్స్‌ఎఫ్‌సీఈని ఏదో బీదవాళ్ళ డెస్క్‌టాప్‌లా చూస్తారు గానీ, 1996లో ఒలివియే ఫుర్దాన్ మొదలుపెట్టినప్పట్నుంచీ నడుస్తున్న ప్రాజెక్టు అది. 2011లో గ్నోమ్ 3 నచ్చక సాక్షాత్తూ లైనస్ టోర్వాల్డ్సే కొన్నాళ్ళు దీనికి మారాడు. తేలికే, కాదనను. కానీ గ్నోమ్ బదులు ఇది వేసినందువల్ల మిగిలేది కొన్ని వందల మెగాబైట్లు. ఆ పైన బ్రౌజరు తెరిచి, ఒక మెయిలు, ఒక యూట్యూబు, నాలుగు పరీక్షల సైట్లు తెరిస్తే ఒక గిగాబైటు ఇట్టే హుష్‌కాకి. కంప్యూటరు నెమ్మదిగా ఉందని డెస్క్‌టాపులు మారుస్తూ కూర్చునేవాళ్ళు ఒక్కసారి టాస్క్ మేనేజర్ తెరిచి ఎవరు ఎంత తింటున్నారో చూస్తే చాలు. పళ్ళెం తేలిగ్గా ఉందని అన్నం తేలిగ్గా ఉండదు. డిస్కు తిరిగేదయితే దాని బదులు చిన్న ఎస్ఎస్‌డీ వేయించండి, డెస్క్‌టాప్ మార్చడం కన్నా ఎక్కువ తేడా కనిపిస్తుంది.

తేలికకి ఒక ధర కూడా ఉంది. వేసిచ్చేవాళ్ళు దాన్ని చెప్పరు. గ్నోమ్ లాంటి బరువైన డెస్క్‌టాప్ తనంతట తాను చేసిపెట్టే పనులు కొన్ని ఇక్కడ మనం అమర్చుకోవాలి. మనకి బాగా తగిలేది తెలుగు టైపింగు. గ్నోమ్‌లో ఐబస్ కలిసే వస్తుంది. ఎక్స్‌ఎఫ్‌సీఈలో ఐబస్ ఎక్కించినంత మాత్రాన సరిపోదు. లాగిన్ అయ్యేటప్పుడు అది మొదలవ్వాలి, ప్రోగ్రాములకి దాన్ని వాడమని చెప్పే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ ఉండాలి. డెబియన్, ఉబుంటు కుటుంబంలో ఆ పని ఐఎం-కాన్ఫిగ్ అనే బుల్లి పరికరం చేసిపెడుతుంది, ఆ తర్వాత ఒకసారి లాగౌట్ అయి రావాలి. ఇది తెలీక ఎంతమంది తెలుగువాళ్ళు లినక్సులో తెలుగు రాదని తేల్చేశారో! ఆర్‌టీఎస్ అలవాటున్నవాళ్ళకి ఈ దారి. ఇన్‌స్క్రిప్ట్ వచ్చినవాళ్ళకయితే ఐబస్సే అక్కర్లేదు, కీబోర్డు సెట్టింగుల్లో భారతదేశం కింద తెలుగు లేఅవుట్ కలుపుకుంటే చాలు. వేసిచ్చిన ఇంజినీరు ఇంగ్లీషులో తప్ప టైప్ చెయ్యడు కాబట్టి ఆయనకి ఈ సంగతి తట్టదు. మా పిన్ని మాత్రం తెలుగులోనే రాస్తుంది.

అలాగే మూత మూసి తెరిస్తే తెర నల్లగా ఉండిపోవడం. లైట్-లాకర్ అనే తాళం ప్రోగ్రాముతో చాలాకాలంగా ఉన్న పేచీ ఇది. కంప్యూటరు చచ్చిపోయిందనుకుని పవర్ బటన్ నొక్కి పట్టుకుంటారు, రాస్తున్నదంతా పోతుంది. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్7 గానీ ఎఫ్8 గానీ నొక్కి చూడండి, చాలాసార్లు పాస్‌వర్డ్ తెర అక్కడే ఉంటుంది. తర్వాత తీరిగ్గా దాన్ని తీసేసి ఎక్స్‌ఎఫ్‌సీఈ వాళ్ళ సొంత స్క్రీన్‌సేవర్ పెట్టుకోవచ్చు.

ఆ ధరకి ప్రతిగా మనకి దొరికేది కూడా ఉంది. ముక్కలు వేరువేరు కాబట్టి ఒకటి పోతే మిగతావి ఉంటాయి. ప్యానెల్ పోయిందా, మళ్ళీ ప్యానెల్ని మాత్రమే లేపొచ్చు. మీరు రాస్తున్న ఫైలు అలాగే తెరిచి ఉంటుంది. అదే వేలాండ్ మీద నడిచే గ్నోమ్‌లో షెల్ కూలిందంటే సెషన్ మొత్తం పోతుంది, తెరిచినవన్నీ పోతాయి. బాగుచేసుకోవడానికి వీలుగా కట్టిన వస్తువుని తెచ్చి, బాగుచెయ్యకుండా పారేస్తుంటే ఒళ్ళు మండదా మరి?

ఇంకో కేసు. నాకు తెలిసిన ఒకాయన, రిటైరైన టీచరు, గుంటూరులో ఉంటారు. పాస్‌వర్డ్ కొడితే తెర ఒక్క క్షణం నల్లబడి మళ్ళీ పాస్‌వర్డ్ తెరకే వచ్చేస్తోంది. వాళ్ళబ్బాయి అమెరికాలో సాఫ్ట్‌వేర్ ఆర్కిటెక్టు. వీడియో కాల్‌లో చూసి తేల్చేశాడు: "నాన్నా, నువ్వు పాస్‌వర్డ్ మర్చిపోయావు. ఫార్మాట్ చేయించేసుకో." పాపం ఆ పెద్దాయన వారం రోజులు తన జ్ఞాపకశక్తి మీదే అనుమానపడ్డారు. నాకు కోపం వచ్చింది ఇందుకే. పాస్‌వర్డ్ తప్పయితే తప్పు అని అక్కడే రాసి చూపిస్తుంది. నల్లబడి వెనక్కి వచ్చిందంటే పాస్‌వర్డ్ ఒప్పే, ఆ తర్వాత సెషన్ మొదలవ్వబోయి కూలిపోయింది. కళ్ళ ముందున్న ఈ తేడాని రోజూ సర్వర్లతో వేగే మనిషి చూడలేకపోయాడు. చూడలేక కాదులెండి, ఇంటి కంప్యూటరు అనేసరికి చూడాలనిపించలేదు.

ఇలా జరగడానికి మామూలుగా కనిపించే కారణాలు తక్కువే. హోమ్ ఫోల్డర్లో ఎక్స్-అథారిటీ అనే దాగుడు ఫైలు యజమాని రూట్ అయిపోవడం ఒకటి. ఎవరో గ్రాఫికల్ ప్రోగ్రాముల్ని సుడోతో నడిపితే అలా అవుతుంది. లేదా లాగిన్ అప్పుడు చదివే ప్రొఫైల్ ఫైల్లో ఎవరో ఏదో తప్పు రాసుండాలి. లేదా డిస్కు నిండిపోయి ఉండాలి. నల్ల తెరలోకి వెళ్ళి డీఎఫ్ కొడితే నూరు శాతం అని కనిపించింది. 120 జీబీ ఎస్ఎస్‌డీలో దాదాపు 70 జీబీ ఒక్క ఫైలే తినేసింది. ఏ ఫైలనుకున్నారు? ఎక్స్‌సెషన్-ఎర్రర్స్! డెస్క్‌టాప్‌లో ప్రోగ్రాములు చెప్పుకునే గోడంతా రాసిపెట్టే లాగ్ ఫైలు. మూలన ప్యానెల్లో కూర్చునే ఒక బుల్లి ఆప్లెట్ ఒకే హెచ్చరికని నెలల తరబడి రాస్తూ పోయింది. సమస్య ఎక్కడుందో లక్షలసార్లు రాసి పెట్టిన ఫైలే, ఎవ్వరూ చదవక, చివరికి సమస్య అయి కూర్చుంది. ఆఖరి పది లైన్లు చూస్తే ఆప్లెట్ పేరు దొరికింది. ఆ ఫైల్ని ఖాళీ చేయించి, ఆ ఆప్లెట్‌ని ఆటోస్టార్ట్ నుంచి తీయించాం. పెద్దాయన తన పాత పాస్‌వర్డుతోనే లోపలికెళ్ళారు.

ఇదే మనం ఆఫీసులో ఎలా ఉంటాం? పీ1 టికెట్ వస్తే ఆర్‌సీఏ రాయకుండా వదలరు. ఏ టైముకి ఏం మారింది, ఎవరు డెప్లాయ్ చేశారు, లాగులో మొదటి ఎర్రర్ ఏది అని పది మంది కాల్‌లో కూర్చుంటారు. సర్వరు ఫార్మాట్ కొట్టాం, బాగైంది అని రాసి చూడండి, క్లయింటు ఏమంటాడో. ఆ సర్వరు వెనకాల డాలర్లున్నాయి కాబట్టి కారణం వెతుకుతాం. మా పిన్ని కొడుకు లాప్‌టాప్ వెనకాల ఏముంది, ఒక బ్యాంకు పరీక్ష. నిజం చెప్పాలంటే ఆఫీసులో కూడా ఈ ఫార్మాట్ బుద్ధి లేకపోలేదు. నేను పనిచేసిన ఒక ప్రాజెక్టులో మెమరీ లీక్ ఉన్న సర్వీసుని రోజూ రాత్రి రెండింటికి రీస్టార్ట్ చేసే స్క్రిప్టు ఉండేది. దాన్ని రాసినాయన ఉద్యోగం మారిపోయాడు, స్క్రిప్టు మాత్రం మారలేదు. లీక్ ఎక్కడో వెతుకుదామంటే, టికెట్ ఎస్ఎల్ఏ లోపల మూస్తున్నాం కదా, ఇంకేంటి నీ బాధ అన్నారు. టికెట్ మూయడం, సమస్య తీర్చడం ఒకటే అనుకునే చోట పదేళ్ళు పనిచేస్తే మనిషికి ఇంట్లో కూడా అదే బుద్ధి వస్తుంది కాబోలు.

అసలు ఫార్మాటే తప్పు అనట్లేదు. డిస్కు చచ్చిపోతుంటే, స్మార్ట్ రిపోర్టులో పాడైన సెక్టార్లు రోజురోజుకీ పెరుగుతుంటే, మార్చాల్సిందే. అప్పుడు కూడా ముందు ఫైళ్ళు బయటికి లాగాకే. ఐదారు వెర్షన్లు వెనకబడిపోయిన సిస్టంని ఒక్కో మెట్టూ ఎక్కించడం కన్నా కొత్తది వేసుకోవడం నయం. ఇవన్నీ కారణం తెలిసి తీసుకునే నిర్ణయాలు. గోటితో పోయేదో, గొడ్డలి కావాలో చూశాక గొడ్డలెత్తితే ఎవరూ కాదనరు.

ఎవరికైనా లినక్సు వేసిచ్చేవాళ్ళని నేనడిగేది ఇంతే. మీరు వేసిన రోజునే వాళ్ళ యూజరుతో పాటు ఖాళీగా రెండో యూజర్‌ని కూడా పెట్టి రండి. తేడా వస్తే అందులోకి వెళ్ళి చూడమనండి. అక్కడ బాగుంటే రోగం హోమ్‌లో ఉన్నట్టు, అక్కడా అదే ఉంటే సిస్టంలో ఉన్నట్టు. సగం వెతుకులాట అక్కడే అయిపోతుంది, మీ ఫోన్ బిల్లూ తగ్గుతుంది. సెషన్ దాచే టిక్కు తీసేసి రండి. నల్ల తెరకి వెళ్ళే మీటలు, తిరిగి వచ్చే మీటలు, పాస్‌వర్డు కనపడదన్న ముక్క, డిస్కు నిండిందో లేదో చూసే కమాండు, ఇవన్నీ ఒక కాయితం మీద తెలుగులో రాసి లాప్‌టాపు మూతకి లోపలివైపు అంటించండి. మా పిన్ని కొడుకుకి నేను రాయించింది ఎనిమిది లైన్లు. వాడు మొన్న వాళ్ళ క్లాస్‌మేట్ కంప్యూటర్లో మాయమైపోయిన ప్యానెల్‌ని దాంతోనే వెనక్కి తెచ్చాడు, నాకు ఫోన్ కూడా చెయ్యలేదు.

ప్రింటర్ల సంగతి ఇందులో కలపలేదు. అదింకో భారతం. మన ఊళ్ళలో వాడే మల్టీఫంక్షన్ ప్రింటర్లలో లినక్సుకి ఏవి లొంగుతాయో, ఏవి లొంగవో ఇంకోసారి రాస్తాను. ఈలోపు మీ ఇంటికి ఆ ఫోన్ వస్తే, ఫార్మాట్ అనేముందు వాణ్ణి వాక్యం పూర్తి చెయ్యనివ్వండి.